పిడికెడు బియ్యం ఎంత దూరం వెళ్తుంది?

ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి మన గుళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. యుద్ధాలతో, కరవులతో నలిగిపోతున్న దేశాలను జ్ఞాపకం చేసుకోమని దేవుణ్ణి అడుగుతూ ఒక వాక్యం. మహా అయితే రెండు. ఆ తర్వాత ప్రకటనలు. ప్రహరీగోడకు ఎవరెంత ఇచ్చారు, కొత్త స్పీకర్ల బాకీ ఇంకా ఎంత ఉంది, క్రిస్మస్ చందా ఏ తేదీలోగా కట్టాలి. వీటికి పావుగంట. ఆ ప్రకటనలు మేమూ చదివినవాళ్లమే కనుక ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. కానీ ప్రపంచంలో ఈ మధ్య జరిగినవి చూశాక, ఆ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగక తప్పలేదు.

2025 జనవరి 20న, అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజునే, డొనాల్డ్ ట్రంప్ అమెరికా విదేశీ సహాయాన్ని 90 రోజులపాటు నిలిపివేస్తూ సంతకం చేశారు. మార్చి నాటికి యు.ఎస్. ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయి. జూలై 1తో ఆ సంస్థ కథ ముగిసింది. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న తన సహాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని, మిగిలింది రక్షణ ఖర్చుకు మళ్లిస్తానని బ్రిటన్ కూడా ప్రకటించింది. ఈ అమెరికా కోతలు ఇలాగే కొనసాగితే 2030 నాటికి 1.4 కోట్లకు పైగా అదనపు మరణాలు సంభవించవచ్చని లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది.

అంకెలు మనసుకు ఎక్కవు. సూడాన్ సంగతి చూడండి. 2023 ఏప్రిల్ 15న అక్కడ యుద్ధం మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలిపెట్టారు. 2024 ఆగస్టులో ఉత్తర డార్ఫూర్‌లోని జంజం శిబిరంలో కరవు ఉన్నట్టు నిపుణులు నిర్ధారించారు. ఆ దేశంలో పెద్ద సంస్థల లారీలు వెళ్లలేని వీధుల్లో జనానికి అన్నం పెట్టింది ఎవరో తెలుసా? ఇరుగుపొరుగువాళ్లు. వీధి కుర్రాళ్లు, టీచర్లు, ఇల్లాళ్లు కలిసి కట్టెలపొయ్యి మీద గంజి కాచి పంచారు. బయటి నుంచి వచ్చే కొద్దిపాటి డబ్బుతో పప్పు, నూనె కొనేవారు. 2025 ఆరంభంలో ఆ డబ్బు ఆగగానే అలాంటి వంటశాలలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. వండే చేతులు ఉన్నాయి, తినే నోళ్లు ఉన్నాయి, మధ్యలో గింజలు లేవు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి, మన సంఘానికేమిటి అనిపించవచ్చు. నిజానికి అలాంటి తాళం మన వాకిట్లో ఎప్పుడో పడింది. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశం నుంచి వెళ్లిపోయింది. విదేశీ నిధులకు ముందస్తు అనుమతి కావాలని ప్రభుత్వం షరతు పెట్టాక, ఆ అనుమతి రాక, దాదాపు 1,47,000 మంది పిల్లలకు ఇస్తున్న ఆసరాను ఆ సంస్థ ఆపేయవలసి వచ్చింది. ఈ పిల్లల కేంద్రాలు నడిచింది ఎక్కువగా స్థానిక సంఘాల ఆవరణల్లోనే. బడి వదలగానే పిల్లలు గుడికి వచ్చేవారు. భోజనం, ట్యూషను, వైద్య పరీక్ష, పండక్కి కొత్త బట్టలు. ఎక్కడో ఉన్న దాతకు ఉత్తరం రాయడం ఒక పెద్ద ఘట్టం. మా ఊళ్లో చెరువు ఉంది, మా గేదె ఈనింది, మీ ఊళ్లో మంచు పడుతుందా అని.

ఆ తర్వాత వరుసగా మరికొన్ని జరిగాయి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. విదేశీ సొమ్మంతా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ఒకే శాఖకు రావాలి, తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు, కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు అన్నవి అందులో ముఖ్యమైనవి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ సవరణలను ప్రధానంగా సమర్థించింది. 2024లో వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషనూ, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటికే సహాయ రంగంలో మూడు దశాబ్దాల అనుభవం ఉన్న కాసా రిజిస్ట్రేషనూ రద్దయ్యాయి. ఈ నిర్ణయాల మంచిచెడ్డలు కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ తేలవలసినవి, వాటి మీద మా అభిప్రాయాలు ఇదే పుటలో ఇదివరకు రాశాం. ఈ వారం మా ప్రశ్న ప్రభుత్వానికి కాదు, మనకే.

2017 మార్చి తర్వాతి ఆదివారం ఆ పిల్లల్ని మన సంఘాలు ఏం చేశాయి?

కొన్ని చోట్ల ఆదివారపు బడి టీచర్లు జీతం లేకుండానే సాయంత్రం ట్యూషన్లు కొనసాగించారు. ఒకరిద్దరు పెద్దలు పిల్లల పరీక్ష ఫీజులు కట్టారు. వాళ్లకు వందనాలు. కానీ మేము చూసినంతలో ఎక్కువ చోట్ల పిల్లలు రావడం మానేశారు, కేంద్రం నడిచిన షెడ్డు పెళ్లిళ్లకు వంటగది అయింది. వాళ్ల పేర్లున్న రిజిస్టరు బీరువాలో ఉంది. ఇది చదువుతున్న పాస్టర్లలో కొందరికైనా ఆ బీరువా తాళంచెవి ఎక్కడుందో తెలుసు. దూరదేశపు దాత చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు, పక్క వీధిలోని చెయ్యి ముందుకు రాలేదు. ఎందుకంటే ఆ పిల్లలు 'ప్రాజెక్టు పిల్లలు'. సంఘపు పిల్లలు అని మనం ఎన్నడూ అనుకోలేదు.

మనకు పుచ్చుకోవడం అలవాటైంది. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. విదేశీ అతిథి వస్తున్నాడంటే రోడ్డు ఊడ్చి, దండలు తెచ్చి, వితంతువులను వరుసగా కూర్చోబెట్టి చీరలు చేతికిచ్చే ఫోటో తీయించడం చాలా సంఘాల్లో ఒక తంతుగా మారింది. అతిథి వెళ్లిపోయాక ఆ వితంతువుల్లో ఎవరికి కంటి ఆపరేషను కావాలో అడిగేవారు ఎందరు? దయ అనేది విమానంలో వచ్చి విమానంలో వెళ్లిపోయేది అన్నట్టు మన పిల్లలు పెరిగారు.

మన పెద్దలు అలా పెరగలేదు. ఈ చరిత్ర మన సంఘాల్లో ఒకప్పుడు బాగా చెప్పుకునేవారు, ఇప్పుడు వార్షికోత్సవ ప్రసంగాల్లో తప్ప వినబడదు.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ధాత కరవు ఊడ్చిపెట్టింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారికి గంజి పోయడం కన్నా పని ఇచ్చి కూలి ఇవ్వడం మేలని ఆయన తలంపు. ఆయన కూడా సర్వే పని తెలిసినవాడు. తెలుగు బోధకులే మేస్త్రీలై పని చేయించారు. కూలికి వచ్చినవాళ్లు అన్ని కులాలవాళ్లు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని కరవు పని సాగినన్నాళ్లూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిసి, సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపిల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న ఆ నిరాకరణను మాత్రం మరిచిపోతాం. ఆకలిగొన్నవాడికి పెట్టే అన్నానికి షరతు ఉండకూడదన్న పట్టుదల ఆ అంకె కన్నా పెద్దది అని మా అభిప్రాయం.

ఇంకా పెద్దది పాతికేళ్లకు జరిగింది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా వేలాది తెలుగువాళ్లు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరకు తోటల కూలీలుగా ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో మన సంఘాలవాళ్లూ ఉన్నారు. అక్కడ తమ భాషలో ప్రార్థన చేసేవాడు లేడు, చచ్చిపోతే మట్టి చేసేవాడు లేడు. ఆ కబురు నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు సంఘాలకు చేరింది. తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సొసైటీ అని మనవాళ్లే పెట్టుకున్న సంఘం ఒకటి ఉండేది. 1903లో ఆ సొసైటీ జాన్ రంగయ్యగారిని నాటాల్‌కు పంపింది. ఆయన తోటల వెంట తిరిగి, ఆ సంవత్సరం ముగిసేలోగానే కియర్స్నీలో ఒక తెలుగు సంఘం స్థాపించారు. ఆయన్ని పంపినవారు ఎవరు? కరవు పనికి కూలీలుగా వెళ్లి బతికినవాళ్లు, వాళ్ల బిడ్డలు. తోలు పని చేసుకునేవాళ్లు, పాలేళ్లు. అమెరికా నుంచి సహాయం అందుకున్న ఒక తరంలోనే వాళ్లు సముద్రం దాటి సహాయం పంపారు. తమకు ఇంకా మంచి గుళ్లు లేవు. చాలా ఊళ్లలో తాటాకు పాకలే.

పాతికేళ్లలో వాళ్లు చేసింది, నూటపాతికేళ్ల తర్వాత స్లాబు గుళ్లలో కూర్చున్న మనకు కష్టంగా ఎందుకుంది?

మనమే పేదవాళ్లం, మనల్ని అడగడం న్యాయమా అని వెంటనే వినిపించే జవాబు. ఇందులో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. మన పల్లె సంఘాల్లో బెంచీల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది ఉపాధి హామీ పనికి, మిర్చి కోతకు వెళ్లేవాళ్లు. దశమభాగం ఇవ్వకపోతే శాపం తగులుతుందని బెదిరించి, విధవరాలి పింఛనులో వాటా తీసుకునే టీవీ బోధకులను ఈ పుటలో ఎన్నోసార్లు విమర్శించాం, ఇంకా విమర్శిస్తాం. ఇవ్వమని అడగవలసింది ముందు ఆమెను కాదు. జీతగాళ్లను, కాంట్రాక్టులు చేసేవాళ్లను, డాలస్ నుంచీ దుబాయి నుంచీ పంపేవాళ్లను. మన ప్రవాసులు సొంతూరి గుడికి డబ్బు పంపుతున్నారు, సంతోషం. కానీ అది వచ్చేది ఆర్చీకి, టైల్సుకు, తాతగారి పేరున పాలరాతి పలకకు. అదే ఊళ్లో కిడ్నీ జబ్బుతో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే సహోదరుడి బస్సు చార్జీకి ఏ పలకా ఉండదు కనుక, దానికి డబ్బూ రాదు.

అయితే పేదల మాట అక్కడితో అయిపోలేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు మాసిదోనియ సంఘాల గురించి చెబుతాడు. నిరుపేదలై ఉండి, శ్రమల్లో ఉండి, యెరూషలేములోని పరిశుద్ధుల కోసం తమ శక్తికి మించి ఇచ్చారని. ఇవ్వనివ్వమని వాళ్లే బతిమాలారని. ఈ చందా పౌలు ఏళ్ల తరబడి మోసిన పని. అంతకు ముందు, కరవు రాబోతున్నదని అగబు చెప్పినప్పుడు అంతియొకయవారు యూదయకు సహాయం పంపిన సంగతి అపొస్తలుల కార్యములు 11లో ఉంది. ఎన్నడూ చూడని మనుషుల కోసం, వేరే భాష మాట్లాడే మనుషుల కోసం, పేద సంఘాలు ఇచ్చిన చందాలివి. పేదవాడి దగ్గర నుంచి లాక్కోవడం వేరు. పేదవాడికి ఇచ్చే గౌరవం కూడా లేకుండా చేయడం వేరు. మొదటిది దోపిడీ అని గుర్తిస్తున్నాం, రెండోదాన్ని గుర్తించడం లేదు.

మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలో 1910 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ప్రతి ఇంటి ఇల్లాలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పోస్తుంది. స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు, అమ్మిన సొమ్ము సేవకు వెళ్తుంది. అది ఈనాడు ఏడాదికి కోట్ల రూపాయలు. మన సంఘాల్లోనూ పిడికెడు బియ్యం ఆచారం ఉంది, కొన్ని ఊళ్లలో ఇంకా బతికి ఉంది. మనదగ్గర ఆ బియ్యం ఎక్కువగా అయ్యగారింటికి చేరుతుంది, ఒకప్పుడు జీతం సరిగా అందని కాపరికి అదే ఆధారం కనుక. తప్పేమీ లేదు. కానీ మిజో తల్లుల పిడికెడు ఊరి పొలిమేర దాటింది, మన పిడికెడు దాటలేదు. తేడా బియ్యంలో లేదు.

సరే, ఇవ్వాలనే అనుకుందాం. సూడాన్‌కు ఎలా పంపుతారు? ఇక్కడ చట్టం సంగతి తెలుసుకోవడం మంచిది. ధార్మిక సంస్థగా పన్ను మినహాయింపు పొందుతున్న సంఘం తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేక అనుమతి లేనిదే ఆ సొమ్ముకు మినహాయింపు వర్తించదు. కాబట్టి ఉత్సాహం కొద్దీ సంఘం ఖాతా నుంచి విదేశానికి డబ్బు పంపి చిక్కుల్లో పడవద్దు. ఆడిటరుని అడగకుండా ఏ పనీ చేయవద్దు. వ్యక్తులుగా పంపుకునే దారులు వేరే ఉన్నాయి, వాటికీ నియమాలున్నాయి. డబ్బు లెక్క విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో అదే 8వ అధ్యాయంలో చూడండి. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తన మీద నింద వేయకుండా, సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంట పెట్టుకుని వెళ్లాడు. మిషను భూముల మీద కోర్టు కేసులు నడుస్తున్న కాలంలో మనకు ఇది మరీ అవసరం.

కానీ సూడాన్ దాకా వెళ్లనక్కరలేని సంగతి ఒకటుంది. ప్రపంచమే మన ఊరి పొలిమేరకు వచ్చి కూర్చుంది.

ఏటా దీపావళి దాటాక ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. అడ్వాన్సు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా ఎండాకాలం అంతా మట్టి తొక్కుతారు. పిల్లలు కూడా ఇటుకలు తిప్పుతారు. వాళ్ల కోసం ఒడియాలో చదువు చెప్పే పనిస్థల పాఠశాలలు కొన్ని చోట్ల నడిచాయి, అన్ని చోట్లా కాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు భద్రాద్రి, ములుగు అడవుల్లో, చింతూరు వైపు ఇప్పటికీ ఉన్నారు. నీళ్లకు వాగు, కాగితాలకు కార్యాలయం చుట్టూ ప్రదక్షిణం. హైదరాబాదు బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు రేకుల గుడిసెల్లో ఉంటున్నారు. వాళ్లు మన మతంవాళ్లు కాదు, మన భాషవాళ్లు కాదు, మనకు ఓటూ లేదు చందా కూడా ఇవ్వరు. 2023 మేలో మణిపూర్ తగలబడినప్పుడు మనం కొవ్వొత్తులు వెలిగించాం, మంచిదే. అక్కడ కాలిపోయినవి మన గుళ్లలాంటి గుళ్లు కనుక మన గుండె త్వరగా కదిలింది. గుడి లేనివాడి విషయంలో కూడా కదులుతుందా అన్నది వేరే పరీక్ష.

మొదటి సంఘం ఈ పరీక్షలోనే తడబడింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం విప్పండి. దినదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. ఒకే సంఘం, ఒకే విశ్వాసం, అయినా భాష వేరైన ముసలమ్మకు వడ్డన అందలేదు. అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూస్తే స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షం చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన సంఘ కమిటీల్లో ఇలాంటిది ఊహించగలమా?

ఊహించలేమనడానికి కారణం మనకు తెలుసు. ఒకే ఊళ్లో రెండు పేటలు, రెండు గుళ్లు. ఒక పేట ప్రేమవిందులో రెండో పేటవాళ్లు కూర్చోరు, చివరికి సమాధుల దొడ్డి కూడా వేరు. ఆఫ్రికా ఆకలి గురించి కన్నీళ్లు పెట్టుకునే ప్రార్థన, పక్క పేట పిల్లను కోడలిగా తెచ్చుకోవలసి వచ్చేసరికి గొంతులో ఆగిపోతుంది. దూరం వాళ్ల మీద దయ చూపడం సులువు, ఎందుకంటే వాళ్లు వచ్చి మన పక్కన కూర్చోరు. అందుకే ప్రపంచం కోసం చేసే ప్రార్థనను మేము కొంచెం అనుమానంగా చూస్తాం, మా ప్రార్థనతో సహా. పక్కవాడి పేరు తెలియని సంఘం సూడాన్‌ను ప్రేమిస్తున్నానంటే నమ్మడం కష్టం. అలాగని పక్కవాళ్లను చూసుకున్నాకే దూరంవాళ్లు అనే వాదన కూడా మాకు మింగుడుపడదు. ఆ వాదన చేసేవాళ్లు చాలామట్టుకు పక్కవాళ్లనూ చూడరు.

గాజాలోని పవిత్ర కుటుంబ దేవాలయం సంగతి చాలామంది చదివే ఉంటారు. గాజాలో ఉన్న ఒకే ఒక్క కథోలిక విచారణ అది. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పటి నుంచి వందలాదిమంది ఆ ఆవరణలో తలదాచుకున్నారు. పోపు ఫ్రాన్సిస్ దాదాపు ప్రతి సాయంత్రం వాళ్లకు ఫోన్ చేసేవారు. పెద్ద ప్రసంగమేమీ కాదు, ఎలా ఉన్నారు, ఏం తిన్నారు అని. ఆసుపత్రిలో ఉండి కూడా చేశారు. 2025 ఏప్రిల్ 21న కన్నుమూయడానికి రెండు రోజుల ముందు కూడా చేశారు. ఆ జూలై 17న ఆ గుడి మీద దాడి జరిగి ముగ్గురు చనిపోయారు. ఫోన్లు యుద్ధాన్ని ఆపలేదు. కానీ ఆ ఆవరణలోని పిల్లలకు తమ పేర్లు తెలిసిన ఒక ముసలాయన రోమాలో ఉన్నాడు. కథోలికులతో మనకు ఎన్ని సిద్ధాంత భేదాలున్నా, ఈ ఒక్కటి నేర్చుకోవడానికి అవి అడ్డురావనుకుంటాం. డబ్బు పంపలేని చోటికి ఆరా పంపవచ్చు.

మనవాళ్లకు ఆ ఆరా విలువ బాగా తెలుసు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీల భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు, అందులో ఆంధ్రప్రదేశ్‌వాళ్లూ ఉన్నారు. గోదావరి, కడప పల్లెల్లో ఆ రాత్రి ఎన్ని ఫోన్లు మోగాయో. గల్ఫులో మన ఆడపిల్లలు ఇళ్లలో పనిచేస్తూ, సెలవు దొరికిన శుక్రవారం ఏదో ఒక ప్రార్థన గదికి చేరతారు. అక్కడ కేరళవాళ్లో ఫిలిప్పీన్స్‌వాళ్లో వండిన అన్నం తింటారు. మన బిడ్డ పరాయి దేశంలో ఎవరో అపరిచితుల సంఘం చేతి అన్నం తింటోంది. మరి మన ఊరి బట్టీ దగ్గర ఒడియా తల్లి బిడ్డ ఎవరి చేతి అన్నం తింటోంది?

ఈ ప్రశ్నే పోయిన కోతకాలపు పండుగ తర్వాత మా సొంత సంఘంలో వచ్చింది. ఎలా తేలిందో చెప్పి ముగిస్తాం. ఆ పండుగ వేలంపాటలో సొరకాయ మూడువందలు పలుకుతుంది, నాటుకోడి రెండువేలు దాటుతుంది. పోటీ మీద పాడతారు, నవ్వులు, చప్పట్లు. వచ్చిన సొమ్మంతా ఏటా కట్టడాల నిధికి వెళ్తుంది. ఈసారి స్త్రీల సమాజం వాళ్లు లేచి అందులో పదోవంతు ఊరి బయట బట్టీలోని పిల్లలకు పాలకూ పలకలకూ ఇవ్వాలన్నారు. రెండు గంటలు వాదన జరిగింది. గుడి పైకప్పు కారుతోంది, ముందు అది చూడండి అన్నారు కొందరు. నిజమే, కారుతోంది. వాళ్లు మన సభ్యులు కారు కదా అన్నారు ఇంకొకరు. బట్టీ యజమానికి కోపం వస్తే మనవాళ్లకు పని పోతుంది అని ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. మమ్మల్ని నిజంగా ఆలోచనలో పడేసింది ఆ మాటే, ఎందుకంటే అది భయం నుంచి వచ్చిన మాట, పిసినారితనం నుంచి కాదు.

పదోవంతు ఒప్పుకోలేదు. ఇరవయ్యోవంతుకు ఒప్పుకున్నారు, ఒక్క ఏడాదికే, లెక్క ప్రతి నెలా గుడి తలుపు మీద అంటించాలన్న షరతుతో. యజమానితో మాట్లాడడానికి ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి ఒకరు వెళ్లారు. లోపలికి రానిచ్చాడు, శనివారం సాయంత్రాలు మాత్రమే. మొదటి శనివారం పాలు తీసుకెళ్తే పదకొండు మంది పిల్లలు వచ్చారు. వాళ్ల పేర్లు రాసుకోవడానికి పుస్తకం తెరిస్తే మాలో ఎవరికీ ఒడియా రాదు. ఆ పిల్లల్లో పెద్దదానికి తొమ్మిదేళ్లుంటాయి, కాస్త తెలుగు వచ్చు. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ ఆ పిల్లే పేర్లు చెప్పింది, మావాళ్లు తెలుగు లిపిలో రాసుకున్నారు. రెండు పేర్లు తప్పు రాశామని తర్వాతి శనివారం తెలిసింది, దిద్దుకున్నారు.